పాత టీషర్టులతో ఇంట్లోనే కొత్త బట్టలు: గోదావరి ఇళ్లలో తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ప్రశ్నలన్నీ నన్ను నిజంగా అడిగినవే. కొన్ని పెళ్లి భోజనాల్లో పక్కన కూర్చుని అడిగారు, కొన్ని సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు కోసం నిలబడి ఉండగా అడిగారు, మిగతావి రాత్రి పదకొండింటికి ఫోన్లో ఫొటో పెట్టి "అక్కా, ఇది ఇలా అయిపోయిందేంటి" అని అడిగినవి. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక అయిపోయింది కాబట్టి ఒకేచోట రాసేస్తున్నాను. ముందే చెప్పేస్తున్నా, నేను టైలర్ని కాదు. అమ్మ నల్ల మిషన్ మీద బట్టలు పాడుచేస్తూ నేర్చుకున్నదాన్ని.

టీషర్టు గుడ్డ మామూలు గుడ్డకంటే ఎందుకంత పేచీ పెడుతుంది?

అది నేసిన గుడ్డ కాదు, అల్లిన గుడ్డ. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. చీరలో పడుగూ పేకా అని దారాలు నిలువుగా అడ్డంగా ఒకదాన్నొకటి దాటుకుంటూ వెళ్తాయి. అందుకే అది సాగదు, కత్తిరిస్తే అంచు నుంచి పోగులు ఊడతాయి. టీషర్టులో దారం ఉచ్చులు ఉచ్చులుగా ఉంటుంది, ఒక ఉచ్చులోంచి ఇంకో ఉచ్చు దూరుతుంది, స్వెట్టర్ ఎలా అల్లుతారో అలాగే, కాకపోతే మరీ సన్నగా. నరసాపురం వైపు లేసు అల్లే ఆడవాళ్లకి ఈ ఒక్క ముక్క చెబితే చాలు, మిగతాది వాళ్లే నాకు చెప్పారు. లాగితే ఉచ్చు సాగుతుంది, వదిలితే వెనక్కి వస్తుంది, అడ్డంగా ఎక్కువ సాగుతుంది, నిలువుగా తక్కువ.

మన ఇళ్లలో పాత బట్ట పారేయడమనేదే లేదు కదా. చీర చిరిగితే బొంత కుట్టేవాళ్లు, మెత్తబడ్డ పంచెలు పొత్తిగుడ్డలయ్యేవి, ఇంకా పాతబడితే మసిగుడ్డ. ఆ పనితనమంతా నేత గుడ్డ మీద వచ్చింది. అదే చెయ్యి టీషర్టు మీద వేసి, అదే సూదితో, అదే దారంతో కుట్టి, "ఇది పనికిమాలిన గుడ్డ" అని అటక మీద పడేస్తాం. గుడ్డ తప్పేం లేదండీ. బనీను గుడ్డకి బనీను గుడ్డ పద్ధతులున్నాయి, అంతే.

ఇంట్లో గుట్ట ఉంది. ఏది పనికొస్తుంది, ఏది పనికిరాదు?

లోపల ఉన్న లేబుల్ చూడండి. 100 శాతం కాటన్ అని ఉంటే కళ్లకద్దుకోండి. కాటన్, పాలిస్టర్ కలిసినవి కూడా బాగానే ఉంటాయి, పైగా తక్కువ ముడతలు పడతాయి. లేబుల్ ఊడిపోయిందా? కింద మడతలోంచి ఒక పోగు లాగి, పట్టకారుతో పట్టుకుని, నీళ్ల పళ్లెం మీద అగ్గిపుల్లతో అంటించండి. కాటనైతే కాగితం కాలిన వాసన వచ్చి బూడిద రాలుతుంది. పాలిస్టరైతే కరిగి చివర గట్టి పూసలా ముద్దవుతుంది. రెండూ కలిసిందైతే రెండు లక్షణాలూ కనిపిస్తాయి.

మన దగ్గర ఊరికే వచ్చే టీషర్టులు బోల్డు. రొయ్యల మేత కంపెనీవి, ఎరువుల కంపెనీవి, ఎన్నికలవి, సంక్రాంతి క్రికెట్ టోర్నమెంటువి. వీటిలో చాలావరకు జారిపోయే పాలిస్టరే. మే నెలలో మన ఉక్కపోతలో అవి ఒంటి మీద పెట్టుకోలేం, రంగు వేద్దామన్నా పట్టదు. సంచులు కుట్టుకోండి, సైకిల్ సీటు తొడుగు కుట్టుకోండి, చేలో దిష్టిబొమ్మకి తొడగండి. బట్టలుగా మార్చడానికి మాత్రం నేను చెయ్యి పెట్టను.

ఇంకొకటి. వెలుగుకి ఎదురుగా పట్టుకుని చూడండి. చంకల్లో, భుజాల మీద గుడ్డ పల్చబడి వేళ్లు కనిపిస్తుంటే ఆ భాగం వదిలేసి పొట్ట, వీపు భాగాలే వాడాలి. మగవాళ్ల టీషర్టుల్లో పాడయ్యేది ఎప్పుడూ మెడా, చంకలే, కింద సగం సుబ్బరంగా ఉంటుంది. మనకి కావలసింది ఆ సగమే.

నా దగ్గర ఉన్నది అమ్మకాలం నల్ల మిషను. అటూ ఇటూ వంకరగా కుట్టే జిగ్‌జాగ్ లేదు. కుట్టొచ్చా?

కుట్టొచ్చు. నాదీ అదే. కానీ నాలుగు విషయాలు మార్చాలి, లేకపోతే నాకు జరిగిందే మీకూ జరుగుతుంది.

నాకు జరిగిందేంటంటే, మూడేళ్ల మేనకోడలికి వాళ్ల నాన్న టీషర్టుతో గౌను కుట్టాను. చూడ్డానికి షాపులో కొన్నట్టే ఉంది. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్దామని బయల్దేరుతూ తొడిగాం, తల దూరేటప్పుడు మెడ దగ్గర టప్‌మని ఒక చప్పుడు, వెనక్కి లాగితే ఇంకో చప్పుడు. గుడ్డకి ఏమీ కాలేదు, దారం తెగింది. గుడ్డ సాగింది, దారం సాగలేదు. పిల్ల పాత గౌనులోనే ప్రభలు చూసింది.

అందుకని మొదట సూది మార్చండి. మామూలు సూది మొన పదునుగా ఉండి ఉచ్చుల్ని పొడిచి తెంపేస్తుంది, ఉతికాక ఆ కుట్టు వెంబడే చిన్న చిన్న చిల్లులు తేలతాయి. దీనికి బాల్ పాయింట్ సూది అని దొరుకుతుంది, మొన కాస్త గుండ్రంగా ఉండి దారాల్ని పక్కకి నెట్టుకుంటూ దిగుతుంది. మీ మిషన్‌లో ఉన్న సూది ఊడదీసి కొట్టుకి పట్టుకెళ్లి "దీనికి సరిపోయే బాల్ పాయింట్ ఇవ్వండి" అని అడగండి. పల్చటి టీషర్టుకి 11 నంబరు, మందపాటి దానికి 14. బ్లౌజులు కుట్టే 16 నంబరు సూది వద్దు.

రెండోది దారం. కాటన్ దారం పక్కన పెట్టి, పైనా బాబిన్‌లోనూ పాలిస్టర్ దారం వేయండి. మూడోది ఫుట్, అంటే గుడ్డని నొక్కిపట్టే పాదం, దాని ఒత్తిడి. పైన ఉండే మర కొంచెం వదులు చేయండి, లేకపోతే ఫుట్ గుడ్డని ముందుకు తోసి అల్లల్లాడిస్తుంది, కుట్టు పూర్తయ్యేసరికి అంచు అప్పడంలా వంకర్లు తిరుగుతుంది. పై దారం టెన్షన్ కూడా ఒక పిసరు తగ్గించండి, మీ టెన్షన్ దాంతోపాటే తగ్గుతుంది. నాలుగోది చేతుల పని. కుట్టేటప్పుడు గుడ్డని ముందూ వెనకా పట్టుకుని కొద్దిగా, చాలా కొద్దిగా, సాగదీసి ఉంచండి. వదిలాక గుడ్డ దగ్గరికొచ్చి కుట్టులో కాస్త అదనపు దారం మిగులుతుంది, తర్వాత సాగినప్పుడు ఆ దారమే కాపాడుతుంది. మెడకీ, నడుముకీ ఇది తప్పదు. పక్క కుట్లకి అంత అక్కర్లేదు, అవి నిలువు కుట్లు. భుజం కుట్టు మాత్రం అసలు సాగకూడదు, అందుకే భుజంలో ఒక సన్నటి రిబ్బనో, చీర అంచు పేలికో కలిపి కుట్టేయండి.

ఎంత చేసినా సూది దగ్గర గుడ్డ లోపలికి దిగిపోయి నలిగిపోతుంటే కింద పల్చటి తెల్ల కాగితం పెట్టి కుట్టి, అయ్యాక చింపేయండి. న్యూస్‌పేపర్ మాత్రం పెట్టకండి, సిరా అంటుతుంది.

జిగ్‌జాగ్ ఉన్నవాళ్లకి ఇన్ని తిప్పలు లేవు. వెడల్పు బాగా తక్కువ పెట్టుకుని కుట్టేసుకోండి.

అసలు మిషనే లేదు, ఎలా?

చేత్తో కుట్టండి. వెనక కుట్టు, అంటే ఒక అడుగు వెనక్కి రెండడుగులు ముందుకు వేసేది, కాస్త వదులుగా వేస్తే బాగానే సాగుతుంది. కింది మడతకి చేపముల్లు కుట్టు ఇంకా మంచిది, అది అడ్డదిడ్డంగా వెళ్తుంది కాబట్టి గుడ్డతోపాటు సాగుతుంది. ఒక పిల్లల లంగాకి రెండు సీరియళ్లు చూసేంత టైము పడుతుంది.

కుట్టు అసలు లేకుండా అయ్యే పనులూ ఉన్నాయి. అంచు పోగులు ఊడదు కదా, చేతులు కత్తిరించి వదిలేసినా మడత కుట్టకుండానే వేసుకోవచ్చు.

కత్తిరించగానే అంచు చాపలా చుట్టుకుపోతోంది. పాడైనట్టేనా?

లేదు, దాని గుణమే అంత. అడ్డంగా కత్తిరించిన అంచు పైవైపుకి చుట్టుకుంటుంది, నిలువుగా కత్తిరించింది లోపలివైపుకి. ఏది పైవైపో ఏది లోపలివైపో తెలియకపోతే అడ్డం అంచుని లాగి చూడండి, ఎటు చుట్టుకుంటే అదే పైవైపు.

కుట్టడానికి అడ్డొస్తోందంటే గంజి పెట్టండి. ఇది నాకు మా అత్తగారు చెప్పిన మాట, ఆవిడ టీషర్టు ఎప్పుడూ కుట్టలేదు, కానీ పంచెలకి గంజి పెట్టిన చెయ్యి. పల్చటి గంజిలో ముంచి, పిండకుండా నీడలో ఆరేసి, కాస్త చెమ్మ ఉండగానే ఇస్త్రీ చేస్తే బనీను గుడ్డ కాగితంలా నిలబడుతుంది. గీసినచోట గీత ఉంటుంది, కోసినచోట కోత ఉంటుంది. కుట్టు అయ్యాక ఒక్క ఉతుకుకి గంజి పోతుంది. కుక్కర్లొచ్చాక ఇళ్లలో గంజి వార్చడమే పోయింది, కాబట్టి దీనికోసం ఒక పూట గిన్నెలో అన్నం వండండి. ఇస్త్రీపెట్టె గుడ్డ మీద రుద్దొద్దు, ఆనించి ఎత్తండి. రుద్దితే సాగిపోతుంది.

మొదటిసారి ఏం కుడితే బాగుంటుంది?

నాలుగైదేళ్ల పిల్లకి లంగా. పెద్దవాళ్ల ఎల్ సైజు టీషర్టు చుట్టుకొలత 40 అంగుళాల దాకా ఉంటుంది, ఆ వయసు పిల్లల నడుము ఇంచుమించు 20 నుంచి 21. అంటే కుచ్చిళ్లకి సరిపడా గుడ్డ ముందే ఉంది. కింది మడత కంపెనీవాళ్లే కుట్టి పెట్టారు, దాన్ని ముట్టుకోవద్దు. కింద నుంచి పైకి మీకు కావలసిన పొడవు, అనుకోండి 11 అంగుళాలు, దాని మీద ఒకటిన్నర అంగుళం కలుపుకుని చంకల కింద అడ్డంగా కోసేయండి. పై అంచుని ఒకటింపావు అంగుళం లోపలికి మడిచి, రెండంగుళాల సందు వదిలి చుట్టూ కుట్టండి. ముప్పావు అంగుళం ఎలాస్టిక్‌ని నడుము కొలతకంటే రెండంగుళాలు తక్కువ తీసుకుని, చివర్లు ఒకదాని మీద ఒకటి వేసి కుట్టడానికి ఒక అంగుళం కలిపి, పిన్నీసు గుచ్చి లోపలికి పోనివ్వండి. సందు మూసేయండి, అయిపోయింది. మొత్తం కలిపి ఒకటే కుట్టు.

ఏడాది పిల్లాడికైతే పొడుగు చేతుల టీషర్టు చేతులు రెండూ కోసి లాగు చేయొచ్చు. చేతి మణికట్టు దగ్గరి పట్టీ పిల్లాడి చీలమండ దగ్గరికొస్తుంది. పై చివర్లలో లోపలి కుట్టు ఒక జానెడు విప్పి, రెండు చేతుల్ని ఆ విప్పిన అంచుల దగ్గర కలిపి కుట్టి, నడుముకి ఎలాస్టిక్ పెట్టడమే. డైపర్ వేస్తారా లేదా అన్నది చూసుకుని వెనకవైపు కొంచెం ఎత్తు ఎక్కువ ఉంచుకోండి, నేను ఉంచలేదు, ఒంగున్నప్పుడల్లా వెనకాల కనిపించేది.

ఆ టీషర్టు, లుంగీ కలిపిన నైటీ ఎలా కుట్టారు? (ఇదే అందరూ అడుగుతున్నారు)

సరే, దీనికి వివరంగా చెబుతాను, ఎందుకంటే నేను కుట్టినవాటన్నింట్లోకీ రోజూ వాడేది ఇదొక్కటే.

కొన్న నైటీల్లో మొదట చిరిగేది భుజం, చంక. కింద గుడ్డ ఇంకా రెండేళ్లు వస్తుంది. టీషర్టులో భుజాలు గట్టిగా ఉంటాయి, సాగుతాయి, దండెం మీంచి బట్టలు తీసినా, బావిలో చేద లాగినా చంకలో పట్టదు. లుంగీ సంగతి మీకు తెలుసు, ఉతికేకొద్దీ మెత్తబడుతుంది. మా వైపు బండారులంక లాంటి నేత ఊళ్ల కాటన్ పాత చీర ఉన్నా బ్రహ్మాండం.

కుట్టిన లుంగీ గొట్టంలా ఉంటుంది, రెండు మీటర్ల చుట్టుకొలత, అంటే 78 అంగుళాలు. మీ టీషర్టు చుట్టుకొలత 40. దాదాపు రెట్టింపు కుచ్చు వస్తుంది, ఎవరో లెక్కేసి ఇచ్చినట్టు. టీషర్టు వేసుకుని అద్దం ముందు నిలబడి రొమ్ము కిందకి రెండు వేళ్లు దించి సుద్దముక్కతో గుర్తు పెట్టుకోండి, కుట్టుకి అర అంగుళం వదిలి అక్కడ అడ్డంగా కోయండి. అక్కణ్నుంచి చీలమండ దాకా కొలుచుకుని, పైన అర అంగుళం కింద ఒక అంగుళం కలిపి లుంగీ ఎత్తు కోయండి.

లుంగీ పై అంచున పొడుగు టాకాలతో రెండు వరుసలు వేసి దారం లాగితే కుచ్చిళ్లు వస్తాయి. ఇప్పుడు టీషర్టునీ లుంగీనీ విడివిడిగా నాలుగు భాగాలు చేసి, ముందు, వెనక, రెండు పక్కలు, గుర్తులు పెట్టి గుర్తుకి గుర్తు గుండుసూదులతో కలపండి. ఈ నాలుగు గుర్తులు పెట్టకుండా కలిపితే కుచ్చిళ్లన్నీ ఒక పక్కకి పోతాయి, వెనక బల్లపరుపుగా ముందు గుమ్మటంలా వస్తుంది. కుట్టేటప్పుడు కుచ్చిళ్లు పైన, బనీను గుడ్డ కింద ఉండాలి. కింద ఉంటే మిషన్ పళ్లే దాన్ని సర్దుకుంటూ లాక్కుపోతాయి. రెండుసార్లు కుట్టండి. లుంగీ అంచు పోగులు ఊడుతుంది కాబట్టి అక్కడ లోపల ఒక పట్టీ వేసినా సరే, బజార్లో అంచు చుట్టి కుట్టే ఓవర్‌లాక్ చేయించినా సరే.

జేబు మర్చిపోవద్దు. కోసేసిన టీషర్టు అడుగు భాగంతో జేబు అవుతుంది, ఫోను పడుతుంది. బరువుకి సాగకుండా జేబు పై అంచుకి లుంగీ పట్టీ వేయండి.

మా ఆయన ఎక్సెల్ టీషర్టు నాకు సరిపోయేలా చిన్నది చేయాలి.

మీకు సరిగ్గా సరిపోయే టీషర్టు ఒకటి దాని మీద పరిచి, చుట్టూ అర అంగుళం ఎక్కువ ఉంచి గీసి కోయడమే. పక్కలు మాత్రమే కుట్టి చిన్నది చేద్దామనుకుంటారు చాలామంది, అప్పుడు భుజం మోచేతి వైపు వేలాడుతూనే ఉంటుంది. చేతులు కూడా విప్పి తీసి, భుజం వెడల్పు తగ్గించి, మళ్లీ పెట్టాలి. చెయ్యి పెట్టేటప్పుడు పక్క కుట్టు వేయకముందే, బల్లపరుపుగా ఉన్నప్పుడే పెట్టండి, తర్వాత చేతి అంచు నుంచి చంక మీదుగా నడుము దాకా ఒకే కుట్టు లాగేయొచ్చు.

మెడ సాగి వేలాడిపోతోంది.

మెడ పట్టీ మళ్లీ వేయాలి, లేదంటే మెడ కోసి వెడల్పు చేసుకోవాలి. వెడల్పు చేసేవాళ్లకి ఒకటే మాట: గీసినదానికంటే అర అంగుళం లోపలికి, అంటే సందు చిన్నదిగా ఉండేలా కోయండి. బనీను గుడ్డ మెడ కోశాక ఇంకా సాగుతుంది, ఒకసారి పెద్దదైతే మళ్లీ చిన్నది కాదు.

పట్టీ వేసేటప్పుడు దాని పొడవు మెడ చుట్టుకొలతలో 80 నుంచి 85 శాతం ఉండాలి. మెడ 20 అంగుళాలైతే పట్టీ 16 లేదా 17, కుట్టుకి కలపడం వేరే. సాగదీసి కుడతాం కాబట్టి అది దగ్గరికొచ్చి మెడకి అతుక్కుని కూర్చుంటుంది. సమానంగా కోసి కుడితే మెడ దగ్గర లేచి నిలబడుతుంది. పట్టీని గుడ్డ సాగే దిక్కులోనే కోయాలి. బ్లౌజుకి ఏటవాలుగా క్రాస్ పట్టీ కోసే అలవాటుంటుంది మనకి, ఇక్కడ ఆ క్రాసు అక్కర్లేదు.

ముందు పెద్ద కంపెనీ బొమ్మ, వెనక పార్టీ గుర్తు. ఇవేం చేయాలి?

రబ్బరులా అంటుకున్న ముద్ర అయితే తీయబోకండి, గుడ్డ పోతుంది. ఆ ముద్ర మీద ఇస్త్రీపెట్టె కూడా పెట్టొద్దు, తిరగేసి చేయండి. గుర్తు చిన్నదైతే దాని మీద జేబు కుట్టేయండి. పెద్దదైతే గుడ్డని తిరగేసి లోపలివైపే పైకి పెట్టి కోసుకోండి, బనీను గుడ్డ లోపలివైపు కూడా చూడ్డానికి బాగానే ఉంటుంది, కొంచెం గరుకుగా కనిపిస్తుంది అంతే. గుర్తు ఉన్న భాగం నైటీ కోసి తీసేసే సగంలోకి వచ్చేలా చూసుకోవచ్చు.

పార్టీ గుర్తుల గురించి ఇంకేం చెప్పను. మా వీధిలో రెండు పార్టీల టీషర్టులూ కలిపి ఒకే గౌను కుట్టాను, పిల్ల తండ్రికి ఒకటి నచ్చలేదు, తాతకి రెండోది నచ్చలేదు, పిల్లకి రెండూ నచ్చాయి.

అరటి కసరు (కోసినచోట కారే రసం) మరకలు పోవట్లేదు.

పోవు. రావులపాలెం మార్కెట్లో గెలలు మోసేవాళ్లనడగండి. కసరు అంటినప్పుడు నీళ్లలాగే ఉంటుంది, గాలి తగిలి గోధుమరంగుకి, తర్వాత నలుపుకి తిరిగి దారంలో పట్టేస్తుంది. బ్లీచింగ్ వేసి వేసి గుడ్డని చంపకండి. ముదురు రంగు వేసుకోవడమే మార్గం.

బ్లీచింగ్ అనుకున్నాం కాబట్టి ఒక మాట: దాన్ని బాత్రూం కడిగే యాసిడ్‌తో ఎప్పుడూ కలపకండి, ఊపిరాడనివ్వని గ్యాసు వస్తుంది. సాగే స్పాండెక్స్ కలిసిన గుడ్డకి కూడా బ్లీచింగ్ పడదు.

ఇంట్లో రంగు వేస్తే మచ్చలు మచ్చలుగా వచ్చింది, ఎందుకు?

మూడు కారణాల్లో ఏదో ఒకటి. ఒకటి, గుడ్డ పొడిగా ముంచారు. ముందు బాగా ఉతికి, తడి మీదే ముంచాలి. రెండు, గిన్నె చిన్నది. గుడ్డ ఈదాలి, కుక్కినట్టు ఉండకూడదు, కలుపుతూనే ఉండాలి. మూడు, నీళ్లు. బోరు నీళ్లు పట్టిన బిందె అడుగున ఎర్రగా తుప్పు పేరుకుంటుంటే ఆ నీళ్లలో ఇనుముందన్నమాట, రంగు మకిలిగా వస్తుంది. జూలై, ఆగస్టుల్లో కాలవకి ఎర్రనీళ్లు వచ్చినప్పుడు కూడా అంతే, పులసకి మంచివేమో కానీ రంగుకి కాదు. పట్టి ఉంచుకున్న వాననీళ్లు అన్నిటికంటే మంచివి.

ప్యాకెట్ రంగుల్లో వేడినీళ్లూ ఉప్పూ వేసి మరిగించేవి ఒక రకం, చన్నీళ్లలో సోడాతో పట్టేవి ఇంకో రకం. రెండోవి ఉతికితే తక్కువ దిగుతాయి. సోడా అంటే వంటసోడా కాదు, బట్టల సోడా. దాన్ని అల్యూమినియం గిన్నెలో వేయకండి, గిన్నెని తినేస్తుంది. ప్లాస్టిక్ బకెట్ చాలు, తర్వాత ఆ బకెట్‌ని వంటింట్లోకి రానివ్వొద్దు. చేతులకి గ్లౌజులు, పొడి కలిపేటప్పుడు ముక్కుకి గుడ్డ.

టీషర్టు కుట్లు ఎక్కువగా పాలిస్టర్ దారంతో ఉంటాయి, వాటికి ఈ రంగు పట్టదు. తెల్ల టీషర్టుకి నీలం వేస్తే కుట్లన్నీ తెల్లగా తేలతాయి. నాకైతే అలాగే బాగుంటుంది. మీకు నచ్చకపోతే ముందు రంగు వేసి, తర్వాత విప్పి కుట్టుకోండి.

నరసాపురం లేసు కుట్టొచ్చా టీషర్టుకి?

కుట్టొచ్చు, ఎంత బాగుంటుందో. అదీ ఇదీ రెండూ ఉచ్చుల అల్లికే కాబట్టి పక్కపక్కన పెట్టినా ఎబ్బెట్టుగా ఉండదు. నరసాపురం చుట్టుపక్కల ఊళ్లలో అరుగుల మీద కూర్చుని ఆడవాళ్లు అల్లే ఈ లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఇంట్లో పాత లేసు బల్లగుడ్డ చినిగి మూల పడి ఉంటే అందులో బాగున్న పువ్వులు కోసి భుజం మీద వేసుకోండి, కోసినచోట పోగులు ముడేయడం మర్చిపోవద్దు, లేసు టీషర్టులా కాదు, కోస్తే ఊడుకుంటూ పోతుంది.

లేసుని ముందు ఒకసారి నీళ్లలో తడిపి ఆరేయండి, కుట్టాక కుంచించుకుపోతే టీషర్టు ముడతలు పడుతుంది. లేసు బనీను గుడ్డంత సాగదు, కాబట్టి తల దూరాల్సిన ఇరుకు మెడ చుట్టూ బిగించి వేయకండి. చేతుల అంచులు, వీపు పైభాగం, లంగా కింది అంచు, ఇక్కడైతే ఇబ్బంది లేదు.

టీషర్టుతో నూలు చేసి అల్లుతారట కదా?

అవును. చంక కింద నుంచి గొట్టం భాగం తీసుకుని, ఒక పక్క అంగుళం వదిలి మడిచి, అంగుళం వెడల్పున పట్టీలు కోయాలి, వదిలిన పక్కన ఏటవాలుగా ఒక పట్టీ నుంచి పక్క పట్టీలోకి కోసుకుంటూ పోతే మొత్తం ఒకే పొడుగు పేలిక వస్తుంది. రెండు చేతులతో లాగితే గుండ్రంగా చుట్టుకుని తాడులా అవుతుంది. పక్క కుట్టు లేకుండా గొట్టంగానే అల్లిన టీషర్టులైతే ఇంకా నున్నగా వస్తుంది. లేసు సూదితో మాత్రం కాదు, వేలంత లావు క్రోషా సూది కావాలి. బట్టలకి దీన్ని నేను వాడను, బరువెక్కువ. సంచికి, చాపకి బాగుంటుంది.

పసిపిల్లలకి వేయొచ్చా?

మెత్తబడ్డ కాటన్ టీషర్టుకి మించింది లేదు. ముద్ర ఉన్న భాగం వద్దు, కుట్లు బయటివైపుకి వచ్చేలా కుట్టండి, గుండీలూ పూసలూ వద్దు. వాడేముందు వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయండి.

వానాకాలంలో మగ్గిన వాసన వస్తోంది.

మన దగ్గర జూలై నుంచి అక్టోబరు దాకా బట్ట ఆరడమే గండం. చెమ్మ మీద మడత పెట్టకండి. నల్లటి చుక్కలు పడ్డ టీషర్టుని బాగున్నవాటితో కలిపి గుట్ట వేయకండి, వేడినీళ్లలో విడిగా ఉతకండి. దండెం మీద భుజాలు పట్టి వేలాడదీస్తే తడి బరువుకి సాగుతుంది, సగానికి మడిచి వేయండి.

టైలర్‌కి ఇస్తే చేస్తారా?

చాలామంది "టీషర్టు పని చేయమండీ" అంటారు, వాళ్ల తప్పు కాదు, సూది మార్చాలి, దారం మార్చాలి, అంత చేసి మనం ఎంతిస్తాం. ఒకాయన మాత్రం చేసిచ్చాడు, బ్లౌజు సూదితోనే, రెండో ఉతుక్కి జల్లెడలా అయింది. ఓవర్‌లాక్ ఒక్కటి చేయించుకుని మిగతాది మీరే కుట్టుకోండి. ద్వారపూడి బట్టల మార్కెట్‌కో రాజమండ్రి తాడితోటకో ఎవరైనా వెళ్తుంటే ఎలాస్టిక్కు, దారాలు ఒకేసారి తెప్పించుకోండి.

మా అబ్బాయి గల్ఫ్‌లో ఉన్నాడు. వాడి టీషర్టులు ఇరవై ఉన్నాయి, కోయొచ్చా?

ముందు వీడియో కాల్ చేసి ఒక్కొక్కటీ చూపించండి. నేను చెప్పేది అనుభవం మీద. రంగు వెలిసి, మెడ చిరిగి, కాలేజీ పేరు సగం రాలిపోయినదే వాళ్లకి ప్రాణంగా ఉంటుంది, కొత్తవి ఎవరికైనా ఇచ్చేయమంటారు. కోయొద్దన్నది కోయకుండానే దిండు గలీబు చేయొచ్చు, చేతులు లోపలికి తోసి మెడా, చేతుల సందులూ లోపలివైపు నుంచి వదులుగా టాకాలు వేసి, కింది అంచుకి రెండు బొందులు కుట్టండి. కావాలన్నప్పుడు టాకాలు విప్పితే మళ్లీ టీషర్టే.

ఇంత శ్రమ ఎందుకు, స్టీలు సామాన్లవాడికి వేస్తే పోలా?

వేసి చూడండి. జరీ చీరకైతే గిన్నె ఇస్తాడు, టీషర్టు మూట చూస్తే సైకిల్ ఎక్కేస్తాడు.

మిగిలిన చిన్న ముక్కలు?

కాటన్‌వి మసిగుడ్డలకి, పాలిస్టర్ వద్దు, వేడి గిన్నెకి కరిగి చేతికి అంటుకుంటుంది. అరచేయంత ఉన్నవి అతుకులకి దాచుకోండి. అంతకంటే చిన్నవి నేను ఒక దిండు గలీబులో కుక్కుతూ వస్తున్నాను. రెండేళ్లయింది, ఇంకా సగమే నిండింది.